గోదా చుట్టు నిలిచినవారు

విశాఖ మైదానము నుండి పాడేరు కొండలకు పోవు దారిలో, ఘాటు రోడ్డు ఎక్కుటకు ముందు, మాడుగుల కలదు. ఈ పేరు వినగానే దూరపు ఊళ్ళవారికి గోధుమపాలతో వండు హల్వా జ్ఞప్తికి వచ్చును. చరిత్ర యందు అభిరుచి గలవారికి మరియొకటి కూడ జ్ఞప్తికి రావలెను. మాడుగుల జమీందారులు తాము మత్స్యదేశపు ఏలికల సంతతివారమని చెప్పుకొనెడివారు. చేప ఆకారమున మలచిన రాతిపీఠముపై వారికి పట్టాభిషేకము జరిగెడిది. వారి ధ్వజముపై చేప గుర్తు. సంతకమునకు సైతము చేప బొమ్మయే. వారి పరివారములో కొందరు చేప ఆకారపు పోగులు చెవులకు ధరించెడివారు. భారతములోని విరాటుని మత్స్యదేశము నేటి రాజస్థాన ప్రాంతమున నుండెనని పండితుల అభిప్రాయము. కనుక మన మత్స్యులను విరాటునితో ముడిపెట్టుట చరిత్రకు సమ్మతము కాకపోవచ్చును. కాని ఆ పేరు మన ప్రసంగమునకు మంచి వాకిలి. విరాటుని కొలువులో జరిగిన మల్లయుద్ధమును, దానిని చూచి ఆనందించినవారిని గూర్చి మనము ముందు చెప్పుకొనవలసి యున్నది.

ఇప్పుడు కిక్‌బాక్సింగ్ అను ఆట లోకమంతట వ్యాపించినది. పిడికిటితో గుద్దుట, కాలితో తన్నుట రెండును అందులో చెల్లును. టోర్నమెంటులు జరుగును, బహుమానములు పెద్దవి, చూచువారు లక్షలు. మన పల్లెలలోని యువకులు కూడ చేతి ఫోనులలో ఆ పోటీలను చూచి మరునాడు రచ్చబండ వద్ద తర్కించుకొనుచున్నారు. ఆ తర్కమును చెవియొగ్గి వినినచో ప్రధానముగా నాలుగు మాటలు వినబడును. మావాడే గెలువవలసినది, తీర్పు అన్యాయమనునది ఒకటి. జోడు సరిపోలలేదనునది రెండవది. ఇంకను గట్టిగా కొట్టుకొనవలసినది, చూచినది చాలలేదనునది మూడవది. లోపల లాలూచీ పడినారనునది నాలుగవది. ఇవి నేటివారి మాటలని మనము తలంచుచున్నాము. నిజమునకు వీనిలో ఏ ఒక్కటియు క్రొత్తది కాదు. యోధుల చరిత్రను అనేకులు వ్రాసినారు. గోదా చుట్టు నిలిచినవారి చరిత్రను కొంచెము తడవుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

మొదటి మాట హస్తినాపురమున వినబడినది. ద్రోణాచార్యుడు రాకుమారుల విద్యా ప్రదర్శనమునకు రంగము కట్టించెను. పురజనులు గుంపులుగా వచ్చిరి. భీమదుర్యోధనులు గదలు పట్టి దిగగానే జనము రెండు పాయలై, కొందరు భీముని, కొందరు దుర్యోధనుని పేరెత్తి కేకలు వేయసాగిరి. సముద్రము వలె పొంగుచున్న ఆ జనమును చూచి ఆచార్యుడు అశ్వత్థామను పిలిచి, వెంటనే వారిద్దరిని విడదీయుమనెను. గదలు పట్టినవారు శిక్షితులే. వారి పక్షముల వలన రంగమున కోపము పుట్టునేమోయని ఆయన భయము. చూచువారి ఉద్రేకమును కనిపెట్టి ఆటను ఆపించిన తీర్పరి మన వాఙ్మయమున ఇట్లు తొలినాళ్ళలోనే కనబడుచున్నాడు.

రెండవ మాట మధురానగరమున పుట్టినది. కంసుని ధనుర్యాగమునకు వచ్చిన బలరామకృష్ణులకు చాణూర ముష్టికులను జోడు నిలిపిరి. ముష్టికుడను పేరులోనే పిడికిలి యున్నది. కొండల వంటి ఆ మల్లులను, లేతప్రాయపు ఆ బాలురను చూచి సభలోని స్త్రీలు ఊరకుండలేదు. సమబలము కాని పోరు అధర్మమనియు, దానిని రాజు చూచుచుండగా వారింపక కూర్చున్న సభ్యులకు కూడ ఆ పాపము పంచవలసినదే యనియు వారు చెప్పుకొనిరని భాగవతము. ఇది సామాన్యమైన మాట కాదు. తప్పు గోదాలోని వానికే కాక గట్టుపై కూర్చున్న వానికి కూడ అంటునని చెప్పినవారు ఆ పురస్త్రీలే.

మూడవ మాట విరాటుని కొలువునకు చెందినది. ఉత్సవమునకు నలుదిక్కుల నుండి మల్లులు వచ్చిరి. జీమూతుడనువాడు సవాలు చేయగా ఎవ్వరును ఎదుట నిలువలేదు. రాజు తన వంటవాడైన వలలుని దిగుమనెను. వలలుడనగా అజ్ఞాతవాసమున నున్న భీముడు. గుట్టు బయటపడునేమోయని సంకోచించుచునే దిగి జీమూతుని కూల్చెను. రాజు సంతోషించి ధనమిచ్చెను. కథ అంతటితో ముగియలేదు. మనుష్యులలో సమానుడు దొరకనందున రాజు ఆ వంటవానిని పులులతోను, ఏనుగులతోను పోరించెను. అంతఃపురస్త్రీల వినోదమునకు సింహములతో కూడ పోరవలసి వచ్చెను. చూచువారికి నిన్నటి ఆనందము నేటికి చాలదు. అందరును నవ్వుచుండగా ఆ వినోదమును సహింపలేనిది అచట ఒక్కతెయే. సైరంధ్రి వేషమున నున్న ద్రౌపది తన గుండె ఎట్లు తల్లడిల్లెనో తరువాత భీమునితోనే చెప్పుకొనినది. గోదాలోని మనిషి తనవాడైన వానికి ఆట ఎట్లు కనబడునో ఆ ఒక్క ఘట్టమువలన తెలియును.

పురాణముల నుండి చరిత్రకు వత్తము. విజయనగరమున మహానవమి ఉత్సవములను 1520 ప్రాంతమున చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేయస్ అచటి మల్లుల పోటీని వర్ణించినాడు. అది తమ దేశపు కుస్తీ వంటిది కాదనియు, పండ్లు రాలి, కన్నులు పోయి, ముఖములు వికృతమగునంతటి దెబ్బలు అందు కలవనియు, కొందరిని మాట పడిపోయిన స్థితిలో స్నేహితులు మోసికొని పోవుదురనియు వ్రాసెను. వారికి నాయకులును, తీర్పరులును ఉండి, ఇద్దరిని సమానస్థితిలో నిలిపి, గెలిచినవానికి గౌరవము నిర్ణయించెడివారట. తరువాత 1535 ప్రాంతమున నూనిజ్ అనునాతడు మరికొంత తెలిపినాడు. రాజునొద్ద వేయిమంది మల్లులు కలరనియు, వారు మొనలుగల కడియముల వంటివి చేత పట్టి పొడుచుకొందురనియు, ఎక్కువ గాయపడినవాడు పోయి రాజు నుండి పట్టువస్త్రము బహుమానముగా అందుకొనుననియు ఆతని వ్రాత.

ఎక్కువ గాయపడినవానికి పట్టువస్త్రము! దీనిని రెండు విధముల తలంపవచ్చును. తన వినోదమునకై రక్తము చిందించినవానికి రాజు తీర్చుకొనిన ఋణమని ఒకటి. గాయమునకే వెల కట్టి, మరుసటి యేట మరింత గాయమును కోరుట యని రెండవది. ఏది నిజమైనను, దెబ్బ తినినవానిని వట్టిచేతులతో పంపరాదను నియమము మాత్రము ఆ సభలో నుండినది. నేటి టోర్నమెంటులలో ఓడినవాని పేరును మరునాడు తలచువారే అరుదు.

మల్లుని మన భాషలో జెట్టి యందుము. ఈ జెట్టులు విజయనగరము పడిన పిదప మైసూరు మొదలగు సంస్థానములలో ఈ విద్యను నిలుపుకొనిరి. మైసూరు రాజభవనమున విజయదశమి నాడు వజ్రముష్టి కాళగము నేటికిని ఆచారముగా వచ్చుచున్నది. తలలు నున్నగా గొరిగించుకొని, పిడికిట వజ్రముష్టి ధరించి జోడులు దిగుదురు. ఎవని తలపై మొదట రక్తపుచుక్క కనబడునో అంతటితో పోరు ఆగును. చూచువారికి కావలసిన ఉద్రేకము నిచ్చుచునే, మొదటి చుక్క కడనే దానికి కట్ట వేసిన నియమమిది.

ఇక మన ఉత్తర కోస్తాకు వత్తము. ఇచట సంక్రాంతి నాళ్ళలోను, గ్రామదేవతల జాతరలలోను కర్రసాము, గరిడీ, సంగిడీ రాళ్ళ నెత్తుట ప్రసిద్ధములు. ఈ నేలనే కోడి రామమూర్తినాయుడు పుట్టి, వీరఘట్టము పేరును దేశదేశముల వినిపించెను. విజయనగరమున వ్యాయామము నేర్చి, మదరాసు సైదాపేటలో శిక్షణ పొంది, వ్యాయామోపాధ్యాయుడై, అటుపై సొంత సర్కసు నెలకొల్పెను. ఉక్కు గొలుసులను ఛాతీ పొంగించి త్రెంచుట, కదలబోవు మోటారు కార్లను గొలుసులతో పట్టి నిలుపుట, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట ఆయన ప్రదర్శనములు. జనులు కలియుగభీముడనిరి. ఇంగ్లండు రాజదంపతులు ఇండియన్ హెర్క్యులస్ అని బిరుదమిచ్చిరి.

ఈ సర్కసు డేరాలో కూర్చున్నవారు రాజుగారి అతిథులు కారు. టిక్కెట్టు కొని వచ్చిన సామాన్యులు. తెల్లవారు ఏలుచున్న కాలమున, మీరు బలహీనులని అనుదినము వినుచున్న ప్రజలు, తమ భాష మాటలాడు ఒక శాకాహారి రొమ్ముపై ఏనుగు నిలిచి దిగిపోవుట చూచిరి. వారి చప్పట్లలో వినోదముతో పాటు ఆత్మగౌరవము కూడ నుండెనని మేము తలంచుచున్నాము. మరియొక విశేషము. ఆ ప్రదర్శనములో ఓడినవాడు లేడు. గొలుసు తెగినది, కారు ఆగినది. ఏ తల్లి బిడ్డయు నేల కరవలేదు. అయినను మూల్యము లేకపోలేదు. కడపటి దినములలో ఆ మహాబలుని కాలు తీసివేయవలసి వచ్చినది. 1942లో ఒరిస్సా ప్రాంతమున ఆయన కన్నుమూసెను. డేరా నిండిన నాటి జనములో ఎందరు ఆ వార్త విని ఒక్క క్షణము మౌనము వహించిరో! నేడు విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచియున్నది. దాని ముందు బొమ్మ తీయించుకొనువారిలో ఆ పేరు చదువువారు కొందరైనను ఉన్న చాలును.

నాలుగవ మాటకు, అనగా లాలూచీ యను అనుమానమునకు, గామా పహిల్వాను కథ పనికివచ్చును. 1910 సెప్టెంబరులో లండనునందు ఆయన పోలండు మల్లుడు జిబిస్కోతో తలపడెను. జిబిస్కో మొదటి నుండియు నేలకు కరచుకొని పండుకొనెను. రెండున్నర గంటలు గడచినను ఎత్తి వెల్లకిల వేయుట సాధ్యపడలేదు. జనము విసిగెను. వారము దినముల పిదప మరల పెట్టిన పోటీకి జిబిస్కో రానేలేదు. గెలుపు గామాదయ్యెను గాని ముచ్చట తీరలేదు. పదునెనిమిదేండ్లకు, 1928లో, పటియాలా మహారాజు ఇద్దరిని మరల కలిపెను. దేశము నలుమూలల నుండి వేలాది జనము రైళ్ళలో వచ్చి మూగిరి. నిమిషమైనను నిండకమునుపే జిబిస్కో వీపు నేల కంటెను. ఒకనాడు రెండున్నర గంటలు చూచియు తృప్తి లేకపోయినది. మరియొకనాడు తలపాగా సవరించుకొనునంతలో ఆట ముగిసినది. అభిమానికి నిడివి కొలత కాదు, నిజమైన పట్టుదల కావలెను. పండుకొని కాలము గడపుటను క్షమింపని జనము, క్షణములో తేలిన నిజమైన గెలుపును తరతరముల కథగా చెప్పుకొనినది.

తరువాత 1950, 1960 ప్రాంతములలో దారాసింగు, కింగ్‌కాంగు మొదలగువారి కుస్తీలు పెద్ద నగరములలో డబ్బు పోటీలుగా జరిగినవి. ముందే మాటలాడుకొని పడుదురని అనినవారును, టిక్కెట్టు కొని గొంతు పోవునట్లు అరచినవారును తరచు ఒకరే. అనుమానము అభిమానమును చంపదు. నాటకమని తెలిసియు హరిశ్చంద్రుని కాటిసీనులో కన్నీరు పెట్టు జనము మనది. అయితే నాటకమున పడినవాడు తెర వెనుక లేచును. నిజమైన గోదాలో ఆ హామీ లేదు. ఈ భేదమును మరచుటయే ప్రమాదము.

రేడియో వినువారికి ఒక ముచ్చట. 1921 జూలై 2వ తేదీన అమెరికాలోని జెర్సీ సిటీలో డెంప్సీ, కార్పెంటియర్ల బాక్సింగ్ పోటీని రేడియోలో ప్రసారము చేసిరి. బరి ప్రక్కన నున్న వ్యాఖ్యాత పలుకులను టెలిఫోను తీగపై విని, ప్రసారయంత్రము వద్ద నున్నవాడు తిరిగి పలికెను. సంఘములలోను, నాటకశాలలలోను జనము గుమిగూడి వినిరి. నాలుగవ రౌండులో కార్పెంటియరు కూలెను. ప్రేక్షకుడు శ్రోతగా మారుట ఆనాటి విశేషము. కంటికి దెబ్బ కనబడదు, చెవికి మాట మాత్రము వినబడును. మిగిలినది ఊహ. అటుపై టెలివిజను వచ్చి ఊహను కూడ తీసివైచి, దెబ్బను ఇంటి నట్టింటికి తెచ్చినది.

కిక్‌బాక్సింగ్ ఆ యుగపు బిడ్డ. జపానునందు నొగుచి ఒసాము అను బాక్సింగ్ నిర్వాహకుడు కరాటేను, థాయిలాండు దేశపు ముయే థాయ్ విద్యను చూచి, 1966లో ఒసాకాలో ఈ పేరుతో పోటీలు ఆరంభించెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన టోక్యోలో ఇషి కజుయోషి ఏర్పరచిన కె-వన్ టోర్నమెంటుతో ఇది ఉచ్చస్థితికి వచ్చినది. ఎనమండుగురు యోధులు, ఒకటే రాత్రి. విజేత కాదలచినవాడు ఆ రాత్రియే మూడు పోరులు గెలువవలెను. క్రొయేషియా దేశపు బ్రాంకో సికాటిచ్, ముప్పది యెనిమిదేండ్ల వయస్సున, తుదిపోరులో హాలెండు వీరుడు హూస్టును మొదటి రౌండులోనే పడగొట్టెను. ఈ పద్ధతి అభిమానులకు పండుగ. ఒక్క టిక్కెట్టుతో కథ మొదలు, నడుమ, తుది యన్నియు దొరకును. కాని మొదటి పోరులో వాచిన కాలితోనే మూడవ పోరు చేయవలసినవాని వైపు నుండి చూచినచో, విరాటుని కొలువు మరల కనబడును.

తెలుగుదేశమున కిక్‌బాక్సింగ్ అభిమానిని తయారుచేసినది ముఖ్యముగా సినిమా. 1999లో వచ్చిన తమ్ముడు, 2003లో వచ్చిన అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి చిత్రములలో కథానాయకులు కిక్‌బాక్సర్లు. రెండవ చిత్రమునకు దర్శకుడైన పూరి జగన్నాథ్ మాడుగులకు పొరుగైన నర్సీపట్నము ప్రాంతపువాడు. 2022లో ఆయనయే మైక్ టైసన్‌ను కూడ తెరపైకి తెచ్చి లైగర్ తీసెను. అది జనాదరణ పొందలేదు. ఈ బాపతు కథలలో ఒక కట్టుబాటు కలదు. నాయకుడు మొదట చావుదెబ్బలు తినును, నెత్తురు క్రక్కును, తల్లినో తండ్రినో తలచుకొనును, లేచి గెలుచును. హాలులో ఈలలు మ్రోగును. అందులో తప్పు లేదు. కాని ఇరువదేండ్లు ఇట్టి కథలు చూచిన కన్ను, నిజమైన పోటీలో తూలుచున్నవానిని చూచి, ఇప్పుడు లేచునని ఎదురుచూచును. రిఫరీ ఆపినచో కోపగించును. నెత్తురు గెలుపునకు ముందు వచ్చు గుర్తని సినిమా చెప్పినది. వైద్యుడు అట్లు చెప్పడు.

1982 నవంబరులో అమెరికాలోని లాస్ వేగాస్ యందు మాన్సినీ అనువానితో పోరిన కొరియా బాక్సరు కిమ్ డుక్ కూ పదునాల్గవ రౌండులో కూలి, కొలది దినములకు మరణించెను. లక్షలాది జనము దానిని టెలివిజనులో చూచిరి. అప్పటివరకు పదునైదు రౌండులు నిలిచినవాడే వీరుడని తలంచినవారు వెరగుపడిరి. ప్రపంచ బాక్సింగ్ కౌన్సిలు అటుపై పోటీలను పండ్రెండు రౌండులకు కుదించెను. మధురాపురస్త్రీల మాట అన్ని వేల మైళ్ళ దూరమున, మరియొక భాషలో వినబడినదని మనము చెప్పుకొనవచ్చును. చూచువారి కోరిక గోదాను పెద్దది చేయగలదు. చూచువారి మనసు కలతపడినచో నియమమును కూడ మార్చగలదు.

మన తెలుగు అభిమానికి ఇటీవల మరియొక రుచి తెలిసినది. నిజామాబాదు పడుచు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులునందు ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయ్యెను. మరుసటి యేట ఢిల్లీలో, మన జనము నడుమ, మరల ప్రపంచ ఛాంపియన్ అయ్యెను. రెండు తుదిపోరులలోను ఐదుగురు న్యాయనిర్ణేతలును ఆమె పక్షముననే తీర్పు చెప్పిరి. ఎవ్వరిని మూర్ఛపోగొట్టలేదు. అడుగు వేయుట, తప్పించుకొనుట, అదను చూచి కొట్టుట, ఇవియే ఆమె గెలిచిన సాధనములు. ఆ రాత్రి తెలుగు ఇండ్లలో కేకలు వేసినవారు నెత్తురు కొరకు వేయలేదు. విద్యను చూచి వేసిరి. సభలో కూర్చుండి అధర్మమని వాపోయిన మధుర స్త్రీల నాటి నుండి, స్త్రీయే బరిలో దిగి ధర్మముగా గెలిచిన నాటివరకు నడచిన దూరము తక్కువది కాదు.

కనుక రచ్చబండపై తర్కించుకొను మన యువకులకు పెద్దలు ఆట చూడవద్దని చెప్పనక్కరలేదు. చెప్పినను వినరు. నాలుగు పాతమాటలకు తోడుగా ఐదవ మాట నొకదానిని నేర్పిన చాలును. తూలుచున్నవానిని చూచినపుడు, ఆపినది మంచిదేయని అనగలుగుట అది. అశ్వత్థామ నడుమ నిలిచినపుడు హస్తినాపుర జనము సణుగుకొనియే యుండును. కాని ఆనాడు ఆ రంగమున ఎవ్వరును చావలేదు. ఆచార్యుడు ఆటను ఆపించగలిగినందువలననే, ఆ తరువాత అర్జునుని విద్యను చూచు భాగ్యము అదే జనమునకు కలిగినది.